మిద్దె మీద యాంటెన్నా: ఊళ్లో నెట్ కోసం నా పాట్లు

గిద్దలూరు దాటి నల్లమల వైపు వెళ్తే మా ఊరు వస్తుంది. పడమట కొండలు, తూర్పున మెయిన్ రోడ్డు. సెల్ టవర్లన్నీ ఆ రోడ్డు వెంబడే ఉన్నాయి. ఫోన్ మాట్లాడుకోవడానికి పెద్ద ఇబ్బంది లేదు గానీ, ఏ సైటు తెరిచినా తెల్ల పేజీ మీద చక్రం తిరుగుతూ ఉండేది. కేబుల్ నెట్ మా ఊరిదాకా రాలేదు.

నాన్నకు మోకాలి ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు నేను ఊళ్లోనే ఉండాల్సి వచ్చింది. నా పని చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేయడం. నెలలో 11వ తేదీకి ఒక గడువు, 20కి ఇంకో గడువు. వివరాలన్నీ నింపాక చివర్లో వచ్చే ఓటీపీ షాపు యజమాని ఫోన్‌కు పోతుంది. ఆయన నాకు ఫోన్ చేసి అంకెలు చెప్పాలి. నా ఫోన్‌లో రెండు సిమ్‌లు. ఒకదాని హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ నడుస్తుంటుంది, రెండోదానికి కాల్ వస్తుంది. కాల్ ఎత్తగానే డేటా ఆగిపోతుంది. రెండు సిమ్‌ల ఫోన్లు చాలావరకు ఇంతే. ఓటీపీ తెలిసేసరికి పోర్టల్ నన్ను బయటికి నెట్టేసేది. 20వ తేదీ సాయంత్రం ఇలా జరిగితే ఉండే టెన్షన్ ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

‘టవర్ ఫుల్లుగా ఉంది కదరా, నెట్ ఎందుకు రాదు?’ అని నాన్న మంచం మీద నుంచి రోజూ అడిగేవాడు. ఫోన్ పైన కనిపించే గీతల్ని నమ్ముకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. అసలు లెక్క సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ కింద సిమ్ స్టేటస్‌లో ఉంటుంది. అక్కడ మైనస్‌లో ఒక అంకె, పక్కన డీబీఎం అని కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 అటూ ఇటూ ఉంటే పని బాగా నడుస్తుంది. మైనస్ 110 దాటితే కష్టం. మా నడవలో మైనస్ 116, వంటింట్లో అసలు లేదు, మిద్దె మీద తూర్పు పిట్టగోడ దగ్గర మైనస్ 97.

అప్పుడు ఊళ్లో ఎవరి దగ్గర ఏ కంపెనీ సిమ్ ఉందో కనుక్కుని, వాళ్లను మా మిద్దె ఎక్కించాను. ఒక పాత నోట్ బుక్‌లో గది, సమయం, అంకె, స్పీడు రాసుకుంటూ పోయాను. పక్కింటి పిన్నమ్మ ‘ఏందబ్బాయ్, ఫోన్ పట్టుకుని గోడలకు పూజ చేస్తున్నావు’ అని నవ్వింది. ఆమె సిమ్‌కే మిద్దె మీద అందరికంటే మంచి అంకె వచ్చింది.

సిగ్నల్ మోసే తరంగాల్లో రకాలుంటాయి, ఒక్కో రకాన్ని బ్యాండ్ అంటారు. ఫోన్‌కు ఏ బ్యాండ్ అందుతోందో చూపే యాప్‌లు ఉన్నాయి. అలాంటిదొకటి పెట్టుకున్నాక అసలు సంగతి బయటపడింది. 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలు దాటి ఇంట్లోకీ వస్తాయి. 1800, 2300 అంత దూరం రావు, గోడ అడ్డొస్తే నీరసిస్తాయి. కానీ సాధారణంగా కంపెనీల చేతిలో డేటా నడిచే దారి వెడల్పు ఎక్కువ ఉండేది ఈ పై బ్యాండ్లలోనే, అందుకే స్పీడు ఇచ్చేది అవే. మా ఇంట్లో ఫోన్‌కు దొరికేది కింది బ్యాండ్ ఒక్కటే. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ సన్నని దారిలోనే పడి నడుస్తాయి. పొద్దున ఆరింటికి హాయిగా వచ్చే నెట్, రాత్రి ఎనిమిదింటికి అందరూ వీడియోలు పెట్టగానే చచ్చిపోయేది ఇందుకే. మిద్దె మీద మాత్రం 1800 కూడా తగులుతోంది.

నంబర్ పోర్ట్ చేసుకోమని చాలామంది చెప్పారు. పోర్ట్ అని కొట్టి, పక్కన మన నంబర్ రాసి 1900కి మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులు పనికొస్తుంది. సులువే. కానీ నా నంబర్‌కు బ్యాంకు, ఆధార్, క్లయింట్లు అన్నీ ముడిపడి ఉన్నాయి, పోర్ట్ అయ్యే రోజు కాసేపు సిమ్ పని చేయకపోయినా నాకు నష్టమే. అందుకని దాన్ని కదపకుండా పిన్నమ్మ వాడే కంపెనీదే ఒక కొత్త సిమ్, డేటా కోసం మాత్రమే తీసుకున్నాను.

సెల్ షాపు కుర్రాడు ఇంకో దారి చూపించాడు. ‘అన్నా, బూస్టర్ పెట్టుకో, ఇంట్లో మొత్తం ఫుల్ సిగ్నల్’ అన్నాడు. ఆ డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి గానీ, లైసెన్స్ లేకుండా ఇంటి మీద పెట్టుకోవడం మన దేశంలో నేరం. ఇంకో సంగతి, అవి టవర్‌కే అడ్డం తగిలి చుట్టుపక్కల వాళ్ల సిగ్నల్ పాడుచేస్తాయి. నా రిటర్నుల కోసం ఊరందరి ఫోన్లూ చెడగొట్టడమెందుకని వద్దన్నాను.

సిమ్ వేసుకునే 4జీ రౌటర్, దానికి బయట బిగించి టవర్ దిక్కుకు తిప్పి పెట్టే యాంటెన్నా మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు. యాంటెన్నా తగిలించే పిన్నులు అన్ని రౌటర్లకూ ఉండవు, చూసి కొనాలి. టవర్ ఏ దిక్కున ఉందో తెలియడానికి టెలికాం శాఖ వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్ ఉంది. మ్యాప్‌లో మన చుట్టూ ఉన్న టవర్లు కనిపిస్తాయి.

షాపులో రౌటర్ కింద హాల్లో పెట్టి, మిద్దె నుంచి యాంటెన్నా వైరు లాగమన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. యాంటెన్నా వైరులో మీటరు మీటరుకూ సిగ్నల్ కారిపోతుంది. అదే ల్యాన్ కేబుల్ అయితే వంద మీటర్ల దాకా ఢోకా లేదు. కాబట్టి రౌటర్‌ను మిద్దె మెట్ల గదిలో పెట్టి, యాంటెన్నాకు పొట్టి వైరు ఇచ్చి, అక్కడి నుంచి ల్యాన్ కేబుల్ కిందికి దించాను. ఎవరైనా ఈ పని మొదలుపెడితే నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క మాటే.

యాంటెన్నా తిప్పడం ఓపిక పని. తమ్ముడు పైపు పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పుతుంటే నేను రౌటర్ పేజీలో అంకెలు చూస్తూ కేకేసేవాణ్ణి. సరిగ్గా టవర్ వైపు పెట్టినప్పుడు బలం బాగా చూపింది గానీ స్పీడు రాలేదు. అదే వైపు నుంచి ఇంకో టవర్ సిగ్నల్ కలుస్తోంది. సిన్ర్ అనే అంకె సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెబుతుంది, అది పెరిగే కొద్దీ మేలు. యాంటెన్నాను కాస్త దక్షిణానికి జరిపితే బలం కొంచెం తగ్గింది, సిన్ర్ మూడు నుంచి పద్నాలుగుకు ఎక్కింది. పగలు పాతిక ఎంబీపీఎస్ దాకా వచ్చింది. రాత్రి ఏడెనిమిది. నా పోర్టల్‌కు అది చాలు.

తర్వాత కోతులొచ్చాయి. అడవి పక్క ఊరు కదా, కొత్త ఇనుము కనబడితే వాటికి పండగ. యాంటెన్నాను ఉయ్యాల చేసుకుని దాని దిక్కే మార్చేశాయి. ఇప్పుడు పైపుకు రెండు వైపులా తీగలు లాగి కట్టి, చుట్టూ ముళ్లకంప చుట్టాం.

కరెంటు సంగతి వేరే. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టాను, నాలుగు గంటలు ఆగుతుంది. అయితే కోత ఎక్కువసేపు ఉంటే టవరే పడిపోయేది. సిమ్ కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి ఫోన్ చేసి చెప్పాను. మీ ప్రాంతంలో నెట్‌వర్క్ బాగానే ఉందని మెసేజ్ పంపి మూసేశారు. ఫిర్యాదు నంబర్ దాచుకున్నాను కాబట్టి అదే కంపెనీ అప్పీలు అధికారికి రాశాను. నోట్ బుక్‌లోని తేదీలు, కరెంటు పోయిన వేళలు, టవర్ ఆగిన వేళలు ఫోటో తీసి జత చేశాను. ఈసారి మనిషి వచ్చి టవర్ బ్యాటరీలు చూసి వెళ్లాడు. మార్చారో లేదో నాకు చెప్పలేదు, ఇప్పుడు మాత్రం గంటన్నర దాకా నిలబడుతోంది.

సిగ్నల్ అందని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022లో బీఎస్ఎన్ఎల్‌కు పని అప్పగించింది. 2జీ, 3జీ మాత్రమే ఉన్న మరో 6,279 ఊళ్లనూ అందులో కలిపారు. మాలాంటి ఊరు ఆ లెక్కలోకి రాదు. పేరుకు 4జీ ఉంది కదా మరి. పూర్తిగా లేని ఊరికి ఒక పథకం ఉంది, అరకొరగా ఉన్న ఊరికి అడగడానికి నోరు కూడా లేదు.

పిన్నమ్మ ఇప్పుడు హైదరాబాద్‌లోని మనవడితో వీడియో కాల్ మా వరండాలో కూర్చునే మాట్లాడుతుంది. 11, 20 తేదీల్లో మాత్రం పాస్‌వర్డ్ మారుస్తానని ముందే చెప్పాను. ‘మార్చుకో నాయనా, పని అయ్యాక కొత్తది చెప్పు’ అంది. వానలు మొదలయ్యేలోపు పైపుకు ఎర్తింగ్ వేయించాలి. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు.