న్యుమోనియా తర్వాత మళ్ళీ 50 మీటర్ల స్ప్రింట్

నలభై దాటాక మళ్ళీ స్విమ్మింగ్ ట్రైనింగ్‌లో దిగినవాళ్ళకి 50 మీటర్ల ఫ్రీస్టైల్ మీద ఒక పిచ్చి ఉంటుంది, చదువుకునే రోజుల్లో ఈదిన టైమ్ ఒకటి బుర్రలో అలాగే ఉండిపోతుంది, దాని దగ్గరికన్నా వెళ్ళాలనిపిస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టా. టైమ్ కొద్దికొద్దిగా తగ్గుతోంది అనుకునేసరికి న్యుమోనియా వచ్చిపడింది.

మామూలు జ్వరమే అనుకున్నాం ముందు. తర్వాత ఒణుకు, పసుపు పచ్చ కఫం, గట్టిగా ఊపిరి తీస్తే కుడిపక్క పక్కటెముకల దగ్గర పొడిచినట్టు నొప్పి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా పడింది, గాలి ఉండాల్సిన చిన్న చిన్న గదుల్లో నీరూ చీమూ నిండితే అలా కనిపిస్తుందని డాక్టర్ గారు చూపించి చెప్పారు. ఆక్సిజన్ తగ్గుతోందని అడ్మిట్ చేసుకుని సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్స్ ఎక్కించారు, జ్వరం దిగింది, ఇంటికి పంపించేశారు.

అసలు కష్టం ఇంటికొచ్చాకే తెలిసింది. స్నానం చేసొచ్చి మంచం మీద కూర్చుని ఆయాసం తగ్గేదాకా ఆగాల్సి వచ్చేది, మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి అందేది కాదు. మూడు బంతులుండే స్పైరోమీటర్ ఇచ్చారు, దాన్ని ఊదకూడదు, నెమ్మదిగా లోపలికి పీల్చాలి, ఊపిరితిత్తి అడుగుదాకా గాలి వెళ్ళి మూసుకుపోయిన గదులు తెరుచుకోవడానికి అది. రెండో బంతి లేవడమే గగనంగా ఉండేది.

అప్పుడు డాక్టర్ గారు చెప్పిన లెక్క నాకు చాలా ధైర్యం ఇచ్చింది. చాలామందికి వారంలో జ్వరం పోతుంది, 4 వారాలకి ఛాతీ నొప్పి, కఫం బాగా తగ్గుతాయి, 6 వారాలకి దగ్గు, ఆయాసం తగ్గుతాయి, 3 నెలలకి దాదాపు అన్నీ పోయినా నీరసం మిగలొచ్చు, పూర్తిగా మామూలు మనిషి అవ్వడానికి 6 నెలలు పట్టొచ్చు అన్నారు. ఈ లెక్క తెలియకపోతే మనిషి రోజూ బెంగపెట్టుకుంటాడు, నాకింకా తగ్గట్లేదేంటి అని. ఇలాంటి జబ్బు నుంచి లేస్తున్న ప్రతి ఒక్కరికీ ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది నాకు.

మంచం మీద ఉన్నన్నాళ్ళూ అమెరికా స్విమ్మర్ దారా టోర్రెస్ గుర్తొచ్చేది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 41 ఏళ్ళ వయసులో 50 మీటర్ల ఫ్రీస్టైల్ 24.07 సెకన్లలో ఈది సిల్వర్ తెచ్చుకుంది, గోల్డ్‌కి తేడా సెకనులో వందో వంతు. ఆ వయసులో స్పీడ్ ఉంటుందా అనే అనుమానం నాకు ఆమె వల్లే పోయింది.

మళ్ళీ ఎక్స్‌రే తీసి క్లియర్‌గా ఉందన్నాకే, దగ్గు పూర్తిగా పోయాకే పూల్‌లోకి వెళ్ళా. మెడదాకా నీళ్ళలో నిలబడితే ఛాతీ చుట్టూ నీళ్ళు నొక్కుతాయి కదా, మామూలప్పుడు పట్టించుకోం, ఆ రోజు మాత్రం ఊపిరి తీయడమే ఒక ఎక్సర్‌సైజ్ లాగా అనిపించింది. 200 మీటర్లు ఆగకుండా ఈదే ఓపిక లేదు. దాంతో కోచ్ ప్లాన్ మొత్తం మార్చేశారు. "దూరం సంగతి వదిలెయ్యండి, గోడ తన్ని 12 మీటర్లు ఫుల్ స్పీడ్‌లో ఈదండి, ఊపిరి, గుండె పూర్తిగా కుదుటపడేదాకా ఆగండి, మళ్ళీ ఈదండి" అన్నారు.

నా ఊపిరితిత్తుల కోసం చేసిన ఈ ఏర్పాటే స్ప్రింట్‌కి అసలైన ట్రైనింగ్ అని కొన్ని వారాలకి అర్థమైంది. కండరాల్లో క్రియాటిన్ ఫాస్ఫేట్ అని ఒక నిల్వ ఉంటుంది, ఫుల్ స్పీడ్‌కి ముందుగా వాడేది అదే, పది సెకన్ల లోపే చాలావరకు అయిపోతుంది, మళ్ళీ నిండాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. ఇరవై సెకన్ల రెస్ట్‌తో వంద మీటర్ల చొప్పున ఈదుతూ పోతుంటే అది నిండే టైమే ఉండదు, ఓపిక పెరుగుతుంది గానీ స్పీడ్ అలవాటు కాదు. ఆస్ట్రేలియా స్విమ్మర్ కామెరాన్ మెక్‌ఎవోయ్ కూడా కొన్నాళ్ళు ఆటకి దూరంగా ఉండి తిరిగొచ్చాక ఈదే దూరం బాగా తగ్గించేసి, బరువులెత్తడం, చిన్న చిన్న స్ప్రింట్ల మీద పడ్డాడు, 2024 పారిస్‌లో 30 ఏళ్ళకి 50 మీటర్ల గోల్డ్ కొట్టాడు.

ఇంకోటి, ఒంట్లో బలం లేనప్పుడు నీటి అడ్డు తగ్గించుకోవడం తప్ప దారి లేదు. స్పీడ్ రెట్టింపైతే నీటి అడ్డు దాదాపు నాలుగింతలు అవుతుంది, పది శాతం స్పీడ్ పెరగాలంటే దాదాపు మూడో వంతు ఎక్కువ పవర్ పెట్టాలి, నా దగ్గర అంత ఎక్కడుంది. అందుకే గోడ తన్నగానే చేతులు చెవులకి ఆనించి సూదిలా సాగడం, తల ఎత్తకుండా చూపు అడుగున పెట్టడం, నడుము కిందికి జారకుండా కిక్ ఆపకపోవడం, మోచెయ్యి పైనే ఉంచి ముంజేయి మొత్తంతో నీళ్ళు పట్టుకోవడం, వీటి మీదే వారాల తరబడి కూర్చున్నా. ఒక్క తల సరిగ్గా పెట్టినందుకే అదే దూరానికి స్ట్రోకులు, అంటే చేతులు వేసే సార్లు, తగ్గడం లెక్కపెట్టి చూశా, ఎంత ఆనందమేసిందో.

ఊపిరి విషయంలో మాత్రం మొండిగా ఉన్నా. పెద్ద స్ప్రింటర్లు 50 మీటర్లూ ఊపిరి తీయకుండా, లేదా ఒకసారే తీసి ఈదేస్తారు. నేను నాలుగు స్ట్రోకులకోసారి తీస్తున్నా. ఈదేముందు గబగబా పెద్ద ఊపిర్లు తీసి ఆ తర్వాత బిగబట్టడం చాలా ప్రమాదం, కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఊపిరి కావాలనే సిగ్నల్ ఆలస్యంగా వస్తుంది, ఈలోపు ఆక్సిజన్ పడిపోయి నీళ్ళలోనే స్పృహ తప్పుతుంది, బాగా ఈతొచ్చినవాళ్ళు కూడా ఇలా పోయారు. దయచేసి ఎవరూ ఒంటరిగా అలాంటివి చెయ్యొద్దు.

ఇప్పుడు మొదటి 25 మీటర్లు జబ్బుకి ముందుకంటే ఫాస్ట్‌గా వస్తున్నాయి, మొత్తం 50 టైమ్ పాత టైమ్‌కి దాదాపు సమానం. చివరి 15 మీటర్లలో చేతులు బరువెక్కి స్ట్రోక్ పొట్టిదైపోతోంది. వచ్చే నెల నుంచి దానికోసం వారానికోసారి 35 మీటర్ల స్ప్రింట్లు కలుపుదామంటున్నారు కోచ్, మధ్యలో రెస్ట్ మాత్రం తగ్గించేది లేదట.