పర్లాకిమిడి ఒడియా పనికొచ్చిన చోటు

నార్వేలో స్టావంగర్ అంటే చమురు ఊరు. నేనిక్కడ పైపుల ఇన్‌స్పెక్షన్ పని చేస్తాను. ఐకార్న్ ఆఫీసు కూడా ఇక్కడే, సోల్వ్‌బర్గెట్ అనే లైబ్రరీ భవనంలో ఉంది. సొంత దేశంలో ప్రాణభయం ఉన్న రచయితలకి, కళాకారులకి చోటిచ్చే నగరాల సంఘం అది. అల్జీరియాలో 1993లో తాహర్ జావూత్ అనే రచయితని చంపినప్పుడు రచయితలు ఏకమై మొదలెట్టిన ప్రయత్నమే దీనికి మూలం. చేరిన నగరం మామూలుగా రెండేళ్లపాటు ఇల్లూ ఖర్చులూ చూసుకుంటుంది.

నన్ను ఇందులోకి లాగింది ఒడియా. ఐకార్న్ ద్వారా బంగ్లా కవి ఒకాయన వచ్చారు. నాకు ఒడియా వచ్చని ఎవరో చెప్పారు. ఆయన బంగ్లా, నా పర్లాకిమిడి ఒడియా కలిస్తే సగం అర్థమవుతుంది, మిగతాది చేతులతో సర్దుకుంటాం. బ్యాంకు, డాక్టరు, ట్యాక్సు కాగితాలు ఎలాగో అయ్యాయి. తెగనిది పోస్టు డబ్బా. ఇక్కడ డబ్బా మీద పేరుంటేనే ఉత్తరం వేస్తారు. పేరు రాయాలంటే ఆయనకి వణుకు. అతికించిన చీటీని మర్నాటికి పీకేసేవారు. చివరికి ఉత్తరాలు లైబ్రరీకే తెప్పించుకున్నారు.

"ఫ్రీగా ఇల్లా? లక్కీ!" అంటారు మా తెలుగువాళ్లు. 2007లో హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద ఎమ్మెల్యేలే దాడికి దిగారని గుర్తుచేస్తే మాట మారుస్తారు. అప్పుడామె వచ్చింది తన పుస్తకం తెలుగు అనువాదం ఆవిష్కరణకే.

ఫోన్లో నాన్నకి ఇదంతా చెబితే, "మన గిడుగువారూ ఊరొదిలేశారు కదరా" అన్నారు. నిజమే. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే, డెబ్బై దాటిన రామమూర్తి పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు. కానీ నేను ఒప్పుకోలేదు. పంతులుగారు వెళ్లింది తనని చదివేవాళ్ల మధ్యకి. ఈ కవిగారి పాఠకులంతా సొంత దేశంలోనే ఉండిపోయారు. ఈయన పోస్టుకి లైకు కొట్టాలన్నా వాళ్లకి భయమే, రేపు ఇంటికి ఎవరొస్తారోనని. ఇక్కడ వినేది నేనొక్కణ్ణి, అదీ సగం.

నాన్న కాసేపాగి, "ఆ కవితలు ఒడియా అక్షరాల్లో రాసి పంపరా, నేను చదువుతాను" అన్నారు. కవిగారిని అడగాలి. ఒడియా రాసి చాలా ఏళ్లయింది, ముందు నేను చెయ్యి తిప్పుకోవాలి.