హుర్రా కనుమ దారిలో: లాకరా, లిమిటెడ్ స్లిప్పా?

మే మొదట్లో డెన్వర్ నుంచి యూటాలోని మోయాబ్ వెళ్తున్నామంటే అందరూ ఆర్చెస్ పార్కు చూడ్డానికే అనుకున్నారు. ఆ రాతి తోరణాలు ఎలాగూ చూస్తాం. నాకు మాత్రం అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. నా 2011 సిల్వరాడో పికప్ వెనక యాక్సిల్‌లో ఏ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల ఏర్పాటు) వేయించాలి?

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండి అది. ఈ బండ్లకి గ్లవ్ బాక్సులో కోడ్ల స్టిక్కర్ ఒకటి అంటించి ఉంటుంది. అందులో జీ80 అని ఉంటే ఫ్యాక్టరీలోనే లాకింగ్ డిఫరెన్షియల్, అంటే లాకర్, బిగించినట్టు. నా స్టిక్కర్‌లో జీయూ6 ఉంది, అంటే గేర్ నిష్పత్తి 3.42. జీ80 ఎక్కడా లేదు. కాబట్టి వెనక ఉన్నది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్.

మాది ఉయ్యూరు పక్క పల్లె. నాన్న వరిచేలో దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ చక్రం ఒకటి బురదలో ఊరికే తిరిగేది, రెండోది కదిలేది కాదు. అప్పుడు నాన్న కింద ఉన్న చిన్న పెడల్‌ని మడమతో తొక్కేవాడు. రెండు చక్రాలూ ఒకటై తిరిగి బండి బయటపడేది. గట్టు దగ్గర మలుపు తిప్పేముందు మాత్రం కాలు తీసేయాల్సిందే, లేకపోతే ట్రాక్టర్ తిరగనని మొండికేస్తుంది. పికప్ లాకర్‌లో ఉన్నదీ అదే సూత్రం. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి డిఫరెన్షియల్ కావాలి. కానీ ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానంగానే బలం పంచుతుంది కనుక, పట్టు లేని చక్రం ఎంత తీసుకోగలదో రెండోదానికీ అంతే దక్కుతుంది.

ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాటేసరికే మంచు మొదలైంది. కొలరాడోలో మేలో మంచు వింతేమీ కాదు. సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా మోరిసన్, డాట్సెరోల మధ్య ట్రాక్షన్ చట్టం ఉంటుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నా సరే టైరు గాడి లోతు 3/16 అంగుళం కంటే తగ్గకూడదు. వేల్ కనుమ 10,662 అడుగుల ఎత్తు. అక్కడ రెస్ట్ ఏరియాలోకి తిరిగాం. పార్కింగ్ చోటు ఒక పక్కకి వాలుగా ఉంది, నేలంతా గాజులా మెరుస్తోంది. మా ముందు ఓ పికప్ ఖాళీ ట్రేతో మెల్లగా కదిలింది. వెనక చక్రాలు రెండూ ఒక్కసారే జారాయి. ముందు భాగం ఉన్నచోటే ఉండగా వెనక భాగం మొత్తం పల్లానికి పాకి, చెత్తడబ్బా పక్కన ఆగింది. దాంట్లో ఉన్నది దానంతటదే బిగుసుకునే ఆటోమేటిక్ లాకర్ అని ఆ డ్రైవరే చెప్పాడు. ఒక చక్రం జారి రెండోది నిలబడితే బండి వెనక భాగం పక్కకి పోకుండా ఆ రెండోది కాస్తయినా పట్టి ఉంచుతుంది. రెండూ బిగిసిపోయి కలిసి జారితే పట్టేది ఏదీ మిగలదు. శీతాకాలమంతా ఇదే దారిలో తిరిగేదాన్ని కాబట్టి ఆటోమేటిక్ లాకర్ ఆలోచన అక్కడే వదిలేశాను.

అలాగని జీ80 లాంటివి పనికిరానివని కాదు. 1973 నుంచీ వస్తున్న ఏర్పాటు అది. రెండు చక్రాల వేగంలో నిమిషానికి దాదాపు 100 చుట్ల తేడా వస్తే దానంతటదే బిగుసుకుంటుంది, గంటకి సుమారు 20 మైళ్ళు దాటితే బిగియదు. ఎవరూ మీట నొక్కక్కర్లేదు. పొలాలకీ సైట్లకీ తిరిగే బండికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. నాకు మాత్రం ఎప్పుడు బిగియాలో నేనే నిర్ణయించుకునేది కావాలి.

గ్రాండ్ జంక్షన్‌లో కాఫీ తాగి, సిస్కో దగ్గర హైవే దిగి 128 రోడ్డు పట్టుకున్నాం. కొలరాడో నది పక్కనే, ఎర్రటి గోడల మధ్య సాగే ఆ దారి గురించి ఎంత రాసినా తక్కువే. నా మనసు మర్నాటి మట్టిరోడ్డు మీదే ఉంది కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

అన్నయ్య, వదిన సాల్ట్ లేక్ సిటీ నుంచి తమ 2017 టయోటా టకోమా పికప్‌లో వచ్చారు. టీఆర్డీ ఆఫ్ రోడ్ రకం, వెనక ఎలక్ట్రిక్ లాకర్ ఉంది. పొద్దున్నే కేన్ క్రీక్ రోడ్డు పట్టుకుని, తారు అయిపోయిన చోట టైర్లలో గాలి 20 పీఎస్ఐకి తగ్గించి హుర్రా కనుమ వైపు ఎక్కాం. పైనుంచి చూస్తే కింద నది, దాని పక్కన ఎడారి మధ్యలో నీలంగా పొటాష్ చెరువులు. నీళ్ళు త్వరగా ఆవిరి కావాలని వాటిలో నీలిరంగు కలుపుతారు.

కనుమ దిగాక చికెన్ కార్నర్స్ వైపు వెళ్తుంటే ఓ వాగు అడ్డొచ్చింది. వాన కోసిన గాడి దారికి ఏటవాలుగా ఉంది, దాని అవతల మోకాలెత్తు బండమెట్టు. లో రేంజ్‌లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) పెట్టి ఎక్కించబోయాను. ముందు ఎడమ టైరు గాడిలోకి దిగింది, వెనక కుడి టైరు గాల్లోకి లేచింది. దిగి చూసిన వదిన ‘‘లేచింది తిరుగుతోంది, నేల మీదున్నది కదలట్లేదు’’ అని అరిచింది. ముందు యాక్సిల్‌లోనూ అదే కథ. నాలుగు చక్రాల బండి మొత్తానికి పట్టు లేని ఆ రెండు చక్రాలే తిరుగుతున్నాయి. వెనక్కి తీసి, పక్కనున్న చదును దారిలో దాటించాను.

అన్నయ్య కావాలనే ఆ గాడిలోకే దింపాడు. మొదట లాకర్ వేయకుండా ఏ-ట్రాక్ అనే ట్రాక్షన్ కంట్రోల్‌తోనే ప్రయత్నించాడు. తిరుగుతున్న చక్రానికి కంప్యూటరే బ్రేకు పట్టుకుంటుంది, బలం రెండో చక్రానికి పోతుంది. బ్రేకులు గరగరలాడాయి, చక్రాలు కాసేపు తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగి, బండి కుదుపులతో ఎక్కింది. వెనక్కి దిగి ఈసారి లాకర్ వేశాడు. డ్యాష్‌బోర్డు మీద దీపం కాసేపు మినుకుమంది. చక్రం అరంగుళం కదలగానే ‘టక్’మని పళ్ళు కూర్చున్నాయి, దీపం నిలకడైంది. ఆక్సిలరేటర్ మీద అదనపు ఒత్తిడి లేదు, దుమ్ము లేవలేదు. వెనక కుడి టైరు గాల్లోనే మెల్లగా తిరుగుతుంటే ఎడమ టైరు బండని పట్టుకుని బండిని పైకి నెట్టేసింది. ఈ పనిని ఇంత నెమ్మదిగా చేయొచ్చని చూశాక నా మనసు సగం నిర్ణయానికి వచ్చింది.

మిగతా సగం ఓ పెద్దాయన వల్ల తేలింది. మాంట్రోజ్ నుంచి భార్యతో వచ్చాడు. ఆయన పికప్‌లో ఉన్నది ట్రూట్రాక్. ఏటవాలు పళ్ళ గేర్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ అది. అరిగిపోయే క్లచ్ పలకలు లేవు, నూనెలో ప్రత్యేక అడిటివ్ కలపక్కర్లేదు. పట్టు తక్కువున్న చక్రం మోసేదానికి కొన్ని రెట్లు బలం రెండోదానికి పంపుతుంది. చక్రం పూర్తిగా గాల్లో ఉంటే మోసేది సున్నా, ఎన్ని రెట్లయినా సున్నాయే. ఆయన అదే గాడిలో ఆగి, ఎడమ కాలితో బ్రేకు కొద్దిగా తొక్కి పట్టి, కుడి కాలితో గ్యాస్ ఇచ్చాడు. బ్రేకు వల్ల గాల్లో చక్రానికి కాస్త బరువు తగిలినట్టయి బండి కదిలింది. ఆయన బోటు లాగుతుంటాడు, తడి ర్యాంపులే ఆయన లోకం. మంచులో సైతం తెలియకుండా పనిచేస్తుందన్నాడు. ఆ మాట నిజం. నాకు బండలు లేకపోతే నేనూ అదే వేయించుకునేదాన్ని.

రాత్రి గదిలో అన్నయ్య ‘‘ముందు మంచి టైర్లు వేయించమ్మా, లాకర్ తర్వాత’’ అన్నాడు. టైరుకి పట్టు లేకపోతే ఏ డిఫరెన్షియలూ దాన్ని పుట్టించలేదు. నా టైర్లు నిరుడే మార్చాను కాబట్టి ఆ గొడవ లేదు. అలాగే క్లచ్ పలకల లిమిటెడ్ స్లిప్ నాకొద్దనుకున్నాను. పలకలు అరిగేకొద్దీ పట్టు సడలుతుంది, నూనెలో సరైన అడిటివ్ పడకపోతే మలుపుల్లో కడకడలాడుతుంది. ఎయిర్ లాకర్ గట్టిదే, కానీ కంప్రెసరూ గొట్టాలూ బిగించాలి. వైరు ఒక్కటే కావాల్సిన ఎలక్ట్రిక్ లాకర్ నాకు తేలిక.

డెన్వర్ చేరాక యాక్సిల్ పని చేసే షాపుకి ఫోన్ చేశాను. షాపాయన ముందు అడిగింది డబ్బు గురించి కాదు, రింగ్ గేర్ (డిఫరెన్షియల్‌ని తిప్పే పెద్ద గేరు) కొలత, యాక్సిల్ పళ్ళ లెక్క. 8.6 అంగుళాలు, 30 స్ప్లైన్లు అని చెప్పాను. ఇవి తప్పితే తెప్పించిన పెట్టె తిరిగి పంపాల్సిందే. రింగ్ గేరుకీ, దాన్ని తిప్పే చిన్న గేరు పినియనుకీ పళ్ళ మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలిచి కూర్చోబెట్టాలి. సందు తప్పితే గేర్లు ఊళ పెడతాయి, తర్వాత పాడవుతాయి. డయల్ గేజ్ లేని షాపుకి ఈ పని ఇవ్వొద్దని నా గట్టి మాట. వెనక యాక్సిల్‌కి స్విచ్ నొక్కితే బిగిసే ఎలక్ట్రిక్ లాకర్ ఆర్డరిచ్చాను. ముందు యాక్సిల్ ఓపెన్‌గానే ఉంటుంది, మంచులో స్టీరింగ్ చేతికి తేలిగ్గా ఉండాలి కదా. ట్రాక్షన్ చట్టం మళ్ళీ మొదలయ్యేలోపు బిగించేస్తారు, మొదటి 500 మైళ్ళకి నూనె మార్చాలి.