కల్యాణి ఆలాపన మీద ఆరున్నర చారలు

నిన్న కచేరీలో ఫోటోలు తీసిన కెమెరా కార్డు రాత్రి కంప్యూటర్లో పెట్టగానే ప్రాణం ఉసూరుమంది. మొత్తం 412 ఫ్రేములు, అందులో సైలెంట్ షట్టర్‌తో, అంటే రెక్కలు కదలకుండా చప్పుడు లేకుండా, తీసినవి 260. ఆ 260లో దాదాపు అన్నిటికీ చారలు. గాయకురాలు కల్యాణి రాగంలో తారషడ్జం, అంటే పై స్థాయి 'స', అందుకుని కళ్ళు మూసుకున్న ఘడియ ఒకటి ఉంది. నలభై ఏళ్ళుగా కచేరీల్లో నేను కాచుకు కూర్చునేది అలాంటి వాటికోసమే. తీరా చూస్తే కుడి చెంప వెలుగు, ఎడమ చెంప చీకటి, ముక్కుపుడక మీదుగా నిలువునా గీత. నీడేమో అనుకుందామంటే వెనక తెర మీద కూడా అదే కొలతలో చారలు.

అసలు సైలెంట్ షట్టర్ జోలికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. కిందటి కచేరీలో టప్పుమని కొట్టుకునే మెకానికల్ షట్టర్‌తోనే తీశాను. విరామంలో రెండో వరస పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏమండీ, ఇందాకటి నుంచీ తాళం వేస్తున్నది మీరేనా?" అన్నారు. ఆయన తప్పు లేదు. నేనూ శ్రోతనే కదా, ఆలాపనలో పక్కవాడు టపటపలాడిస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూశాను. ఆలాపన సన్నగిల్లినప్పుడు నా సీటు దగ్గర 45 డెసిబెల్స్, అడుగు దూరంలో నా సోనీ ఏ7-3 కెమెరా క్లిక్కు 68. ఫోన్ కొలతని గట్టిగా నమ్మలేం కానీ తేడా మాత్రం నిజం.

తని ఆవర్తనంలో, అంటే మృదంగం, ఘటం మాత్రమే వాయించే ఘట్టంలో, ఈ బాధ లేదు. ముగింపు జతి ముక్తాయింపు మూడుసార్లు వస్తుందని తెలుసు గనక మూడోసారి సమం (తాళం మొదటి దెబ్బ) మీద నొక్కితే మృదంగం దెబ్బలో క్లిక్కు కలిసిపోతుంది. ఘటం ఎగరేసి పట్టుకున్న ఫ్రేము అలాగే దొరికింది, బాగుంది, దాని సంగతి ఇంతే.

ఇక చారల సంగతి. ముందు కెమెరా పోయిందనుకున్నాను, తర్వాత లెన్సు మీద అనుమానం వచ్చింది. కానీ కచేరీ మధ్యలో 85 ఎంఎం లెన్సు తీసి 50 పెట్టి తీసినవాటిలోనూ అవే చారలు, అదే లెక్క. అప్పుడు మా ఇంటి వరండాలో ఇంకా బతికున్న పాత చోక్ ట్యూబ్‌లైటు వేసి, ఎదురుగా తెల్లగోడని సైలెంట్‌లో షట్టర్ 1/500 సెకను దగ్గర తీశాను. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. ఫ్రేములో చారలు లెక్కపెడితే ఆరున్నర. అంటే కెమెరాలో వెలుగు పట్టే ఈ సెన్సరు పై వరస నుంచి కింది వరస దాకా చదవడానికి 65 మిల్లీసెకన్లు తీసుకుంటోంది, సుమారు 1/15 సెకను. షట్టర్ 1/500 పెట్టినా ఫ్రేము ఆ చివరికీ ఈ చివరికీ మధ్య లైటు ఆరుసార్లు మినుకుతోందన్నమాట. కెమెరా నిలువుగా పట్టుకున్నాను కాబట్టి చారలూ నిలువుగా పడి, నేరుగా ముఖానికే తగిలాయి. అడ్డంగా పట్టుకుని ఉంటే ఏ కొప్పు మీదో, పమిట మీదో పోయేవేమో.

హాల్లో తీసిన వాటిలోనూ పెద్ద చారలు ఆరున్నరే. వెలుగు చారకీ చీకటి చారకీ తేడా డార్క్‌టేబుల్ అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రాంలో కొలిచాను. 1/500 దగ్గర ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు). 1/250 దగ్గర 1.1. 1/160 దగ్గర 0.7. 1/125కి వచ్చేసరికి మూడో వంతు స్టాపు, అంటే ఎరగని వాళ్ళ కంటికి ఆనదు, నాకు ఆనుతుంది. 1/100 దగ్గర పెద్ద చారలు మాయం. సెన్సరు ప్రతి వరసకీ ఒక పూర్తి మినుకు వెలుగు అందుతుంది గనక పోవాల్సిందే, పోయాయి. సంతోషపడబోయాను.

కానీ 1/100 దగ్గర వేదికకి ఎడమవైపు, వయొలిన్ ఆయన తెల్ల పంచె మీద, సన్నని నీలి గీతలు మిగిలాయి. నూలు చీర అంచులా దగ్గర దగ్గరగా. ఫ్రేము మొత్తానికి 28 లెక్కకొచ్చాయి. 28ని 65 మిల్లీసెకన్లతో భాగిస్తే సెకనుకి 430. ఇది కరెంటు మినుకు కాదు. ఆ పక్కనున్న రంగుల ఎల్ఈడీ పార్ లైట్లని (వేదిక మీద వెలుగు కొట్టే గుండ్రటి దీపాలు) డిమ్ చేసినప్పుడు అవి వెలుగు తగ్గించవు, చకచకా ఆరి వెలుగుతాయి, మన కంటికి తగ్గినట్టు అనిపిస్తుంది. 430ని 100తో భాగిస్తే 4.3. నాలుగు మినుకులు ఇమిడినా ఆ 0.3 బయట మిగిలిపోతుంది, ఆ మిగులే గీతలు. పావు స్టాపు తేడా. 1/50 పెడితే ఇంకా పల్చబడ్డాయి కానీ అప్పటికి గాయకురాలి తల గమకంతో పాటే ఊగి ముఖం మసకేసింది, మృదంగం వేళ్ళు పొగలా తయారయ్యాయి.

పైగా మధ్యలో కరెంటు పోయి జనరేటర్ వేశారు. ఆ పావుగంటలో తీసిన వాటిలో 1/100 దగ్గర కూడా పెద్ద చారలు లేతగా తిరిగొచ్చాయి. జనరేటర్ సరిగ్గా 50 మీద నిలబడక 48 దగ్గరో 52 దగ్గరో తిరిగి ఉంటుందని నా ఊహ. కొలిచే సాధనం లేదు.

గీతలు చెరపాలని రెండు గంటలు మాస్కులు గీశాను. పెద్ద చారలు కొంత లొంగాయి, కానీ చీకటి చార ఎత్తిన చోట చర్మం బూడిద పూసినట్టయింది. ఏఐ నాయిస్ తగ్గింపు కూడా పెట్టి చూశాను. మృదంగం మీద కరణి, అంటే మధ్యలో ఉండే నల్లటి ముద్ద, ప్లాస్టిక్ మూతలా మారింది. ఆ పద్ధతి నాకు సుతరామూ నచ్చదు, మసక వెలుగు కోసం సున్నితత్వం ఐఎస్ఓ 3200కి పెంచితే పడే గింజలే నయం.

ఇదే కెమెరాలో యాంటీ ఫ్లికర్ (లైటు మినుకు చూసుకుని వెలుగున్న క్షణంలో తీసే ఏర్పాటు) ఆన్ చేస్తే మెకానికల్ షట్టర్‌తో 1/250 కూడా శుభ్రంగా వస్తుంది. సైలెంట్ పెట్టగానే ఆ మెనూ పనిచేయదు. కావలసిన చోటే చెయ్యిచ్చే ఏర్పాటు. సోనీ మెనూల మీద నా కోపం పాతదే. ఏ9-3 లాంటి గ్లోబల్ షట్టర్ కెమెరా కొంటే ఫ్రేము మొత్తం ఒకేసారి చదువుతుంది, చారల గొడవే ఉండదు. నికాన్ జెడ్9కి అయితే మెకానికల్ షట్టరే లేదు, సెన్సరు అంత వేగం. లక్షలు పోసి కొనే వయసూ కాదు, పర్సూ కాదు.

రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, లైటింగ్ కుర్రాడిని పట్టుకోవడం. డిమ్మర్ ఫుల్‌లో పెడితే పార్ లైట్లు ఆరి వెలిగే పని ఉండకూడదు, సన్న గీతలు పోవాలి. అడిగితే, "ఫుల్ పెడితే విద్వాంసుల కళ్ళు మండుతాయి బాబాయ్ గారూ, కార్యదర్శి గారు నన్ను తిడతారు" అన్నాడు. సగం లైట్లు ఆపేసి మిగతా సగం ఫుల్‌లో పెట్టమన్నాను. మైకులు సరిచూసుకునే వేళకి రమ్మన్నాడు, చూద్దామన్నాడు. వెనక ఎల్ఈడీ తెర మీద బంగారం కొట్టు ప్రకటన కూడా ఆపేయమందామనుకున్నాను గానీ, కచేరీకి డబ్బు పెట్టింది వాళ్ళే.

రెండోది, నాన్నగారి పాత ఫిల్మ్ కెమెరా యాషికా ఎలక్ట్రో 35. నేను మొదలుపెట్టింది అగ్ఫా క్లిక్-3తో, 120 రోలుకి 12 ఫోటోలు. తర్వాత చేతికొచ్చింది ఈ యాషికాయే. దీని షట్టర్ లెన్సులోనే ఉంటుంది, రెక్కలు తెరుచుకుని ఫ్రేము మొత్తానికి ఒకేసారి వెలుగిస్తుంది. చారలు పడే వీల్లేదు. పైగా శబ్దం గోరుతో బల్ల మీద మీటినంతే, అదే యాప్‌లో 50 దాటలేదు. లెన్సు 45 ఎంఎం, ఎఫ్/1.7, అంటే వెలుగు బాగా తీసుకునేది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్ముని ఐఎస్ఓ 800కి తోస్తే (తక్కువ వెలుగులో తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచితే) నిన్నటి వెలుగులో 1/70 దాకా రావాలి. వేళ్ళు మసకే అవుతాయి, పోనీ. 85తో ఆరో వరస నుంచి తీసింది, దీంతో రెండో వరసకి చేరాలి, అంటే తాళం వేస్తున్నది మీరేనా అన్న ఆ పెద్దాయన పక్కకే.

వచ్చే శనివారం వీణ కచేరీ. వీణకి సైలెన్స్ మరీ ముఖ్యం, మీటు ఆగాక మిగిలే నాదం మీద క్లిక్కు పడితే పాపం. పాత పాదరసం బ్యాటరీ ఇప్పుడు రాదు, 4ఎల్ఆర్44 పెట్టే అడాప్టర్‌కి ఆర్డరిచ్చాను, గురువారం వస్తుందట. బ్యాటరీ లేకపోతే యాషికా 1/500 మీదే కొడుతుంది, పనికిరాదు. రోలు వెయ్యి దాటింది కాబట్టి ఒక్కటే కొన్నాను, 36 ఫోటోలు. వెనక తలుపు స్పాంజి కరిగి జిగురైపోయింది, రేపు స్పిరిట్‌తో తుడిచి నల్ల ముఖమల్ గుడ్డ అంటించాలి.