నాలుగు రాళ్ళు పేర్చినందుకు

పోయిన మే నెలలో అమ్మ మణుగూరు నుంచి మా దగ్గరికి ఐర్లండ్ వచ్చింది. మేముండేది గాల్వేలో. సముద్రం చూపించాం, కొండలు చూపించాం, దేనికీ పెద్దగా సంబరపడలేదు. "అన్నీ ఖాళీగా ఉన్నయేందే, మనుషులే కనపడరు" అంది. సరే, మనుషులున్న చోటికే తీసుకెళ్తా అని ఆదివారం పొద్దున్నే కారెక్కించాం. అయిదున్నర వేల ఏళ్ళ కిందటి మనుషులని మాత్రం చెప్పలేదు.

గంట ప్రయాణం. క్లేర్ కౌంటీలో బాలీవాన్ ఊరు దాటి పైకి ఎక్కుతుంటే పచ్చదనం పోయి ఎటు చూసినా బూడిదరంగు సున్నపురాయే. ఈ ప్రాంతాన్ని బరెన్ అంటారు. ఎవరో ఊరంతటికీ నాపబండలు పరిచి సందుల్లో సిమెంటు నింపడం మర్చిపోయినట్టుంటుంది. ఆ సందుల్లోంచే వేలెడంత నీలం పూలు. పార్కింగ్‌లో కారు పెట్టి కాస్త నడిస్తే పౌల్నబ్రోన్ సమాధి, టికెట్ కూడా లేదు. నిలబెట్టిన పలకల మీద వాలుగా ఒక పెద్ద పైబండ, పన్నెండడుగుల పొడవు, అయిదు టన్నుల దాకా బరువు. చుట్టూ ఒక తాడు, అంతే.

అమ్మ టక్కున ఆగిపోయింది. "ఇది రాక్షస గుడి గదే!"

మణుగూరు దగ్గర జానంపేట వైపు ఇలాంటి పాతకాలపు బండల సమాధులుంటాయి, వాటినే రాక్షస గుళ్ళంటారు, చిన్నప్పుడు చూసిందట. అవి ఇనుప యుగానివమ్మా, ఇది కొత్త రాతియుగానిది, వాటికంటే వేల ఏళ్ళు ముందుది, రెండిటికీ సంబంధం లేదు అని నేను మొదలుపెట్టేలోపే, "బండ మీద బండ పెట్టనీకి ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవాల్నా" అంది. నిజమే మరి.

1985లో ఇక్కడ తూర్పు వైపు నిలువు రాయి పగిలిందని గమనించారు. పైబండ కూలిపోతుందన్న భయంతో ఆ రాయి తీసి కొత్తది పెట్టారు, ఎలాగూ కదిలిస్తున్నాం కదా అని 1986లో, మళ్ళీ 1988లో ఆన్ లించ్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి చూశారు. ముప్ఫై మందికి పైగా మనుషుల ఎముకలు, పెద్దవాళ్ళవీ పిల్లలవీ, పల్చటి మట్టి కింద ఆ బండల సందుల్లోనే దొరికాయి. క్రీ.పూ. 3800 నుంచి 3200 దాకా, ఆరువందల ఏళ్ళపాటు ఇక్కడే పెడుతూ వచ్చారు. ఒకరి తుంటి ఎముకలో బాణపు ములికి విరిగి ఉండిపోయింది. చాలామందికి బరువులు మోసి మోసి మెడ, భుజాల కీళ్ళు అరిగిపోయాయి. అది విని అమ్మ తన భుజం పట్టుకుంది.

అన్నిటికంటే నన్ను వదలనిది ఒక పసివాడి సంగతి. ఆరు నెలల వాడు. 2020లో డీఎన్ఏ పరీక్షలు బయటికొచ్చాయి, వాడికి డౌన్ సిండ్రోమ్ ఉంది, పుట్టుకతోనే వచ్చే జన్యు లోపం, తల్లిపాలు తాగాడని కూడా ఎముకలను బట్టి తెలిసింది. అమ్మకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "వాన్ని యాడ పెట్టిన్రు?"

"అందరితో పాటే అమ్మా, ఇక్కడే."

నేను ఫోటోల కోసం అటు వెళ్ళి వచ్చేసరికి అమ్మ కింద కూర్చుని రాతి పలకలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. నాకర్థమైంది, తిరుమల మెట్ల దారిలో పేర్చినట్టు, మాకు ఇల్లు కుదరాలని! గాల్వే అద్దెలు ఆవిడకూ తెలుసు. అక్కడ కాపలా ఉండే పెద్దాయన మెల్లగా వచ్చి, మర్యాదగానే, వద్దన్నాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ఈ పలకలు పీకి బుల్లి సమాధులు కట్టి ఫోటోలు దిగుతారట, రాయి లేచిన చోట ఉన్న గుప్పెడు మట్టీ గాలికి పోతుంది, సందుల్లో మొక్కలకు నీడ పోతుంది. నేను తలూపుతూ విన్నాను గానీ మొహం చెల్లలేదు, మూడేళ్ళ కింద నేనూ ఒకటి కట్టి స్టేటస్ పెట్టుకున్నదాన్నే. అయిదు టన్నుల బండకు ఇంజనీర్లున్నారు, ఈ అరచేతి రాళ్ళకు ఆ ఒక్క పెద్దాయనే దిక్కు.

"విప్పేద్దాం పట్టు" అంది అమ్మ. మూడు రాళ్ళు తిరిగి పెట్టేసింది. నాలుగోది ఎక్కడిదో గుర్తు రాలేదు, మా ఆయన ఎక్కడో ఒకచోట పెట్టెయ్యండి అత్తయ్యా అంటున్నా వినకుండా వంగి వంగి వెతికింది. చివరికి ఒక సందు పక్కన గడ్డి తెల్లగా పాలిపోయి, తడిగా, అరచేయంత ఖాళీ కనిపించింది. రాయిని అటూ ఇటూ తిప్పి చూసి పెట్టింది. సరిగ్గా కూర్చుంది.