సర్వి కొమ్మల చక్రం

మన హాస్టల్ గుడిలో ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు, మొదలైందని కళ్లకంటే ముందు ముక్కుకే తెలిసేది. ఆల్టరు పక్కన ముక్కాలిపీట మీద పచ్చి సర్వి (సరుగుడు) కొమ్మల చక్రం, దానిలో నాలుగు కొవ్వొత్తులు. బడిలో ఇప్పుడున్న పిల్లలకు పనికొస్తుందని ఆ చక్రం కట్టే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆచారం పుట్టింది కూడా హాస్టల్ లాంటి చోటే. హాంబర్గ్‌లో పేద పిల్లల కోసం 1833లో రౌహెస్ హౌస్ అనే ఆశ్రమం పెట్టిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్‌ను, పండగ ఇంకా ఎన్నాళ్లని పిల్లలు రోజూ అడిగేవారట. 1839లో ఆయన ఒక బండిచక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్రవి అమర్చి, రోజుకొకటి చొప్పున వెలిగించారు. మనం ఆదివారాల నాలుగే ఉంచుకున్నాం.

మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది. క్రిస్మస్ నుంచి వెనక్కి నాలుగు ఆదివారాలు లెక్కపెడితే చాలు. 2023లో లాగా నాలుగో ఆదివారం డిసెంబరు 24నే పడితే, పొద్దున నాలుగోది, రాత్రి చక్రం మధ్యలో పెట్టే క్రీస్తు కొవ్వొత్తి వెలిగించాలి. 2028లో మళ్లీ అదే వరస.

చక్రానికి వెదురు బద్దలు రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. పొడి బద్ద వంచితే చీలుతుంది. రెండడుగుల వెడల్పుకు వంచి, రెండు వరసలు కలిపి బైండింగ్ వైరుతో కట్టాలి. కొమ్మలన్నీ ఒకే దిక్కుకు వాలేలా, ఒకదాని మొదలు మీద ఇంకోదాని చివర వచ్చేలా పురికొసతో చుట్టాలి. సర్వి ఐదారు రోజుల్లో ఎండి ఆకు రాలుస్తుంది, ఎండినది నిప్పురవ్వకే అంటుకుంటుంది. అందుకే ప్రతి శనివారం సాయంత్రం కొమ్మలన్నీ మార్చాలి. పైన నాలుగు పచ్చి రెమ్మలు గుచ్చి సరిపెడితే కింద ఎండుది అలాగే ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది.

కొవ్వొత్తి నిలబెట్టడానికి అరటి బోదె ముక్కకు మించింది లేదు. నాలుగంగుళాల ముక్క కోసి, నడిమిన కొవ్వొత్తి కంటే కొంచెం సన్నగా రంధ్రం చేసి, అంగుళం లోతు దింపాలి. తడి ఉంటుంది కాబట్టి మంట కిందికి దిగినా అంటుకోదు. బరువుకు కదలదు. కానీ అరటి కర గుడ్డకు తగిలితే గోధుమరంగు మరక పడుతుంది, ఎన్ని ఉతుకులకూ పోదు. అందుకని ముక్క కింద స్టీలు పళ్లెం తప్పనిసరి. వారానికి బోదె జిగురెక్కి వాసన వేస్తుంది. కొమ్మలతోపాటే దాన్నీ మార్చాలి.

నాలుగు కొవ్వొత్తుల్లో మూడు ఊదారంగువి, ఒకటి గులాబీది. ఊదా పశ్చాత్తాపానికి గుర్తు. గులాబీది మూడో ఆదివారానిది, ఆనందించుడి అనే పిలుపుది. రంగు కొవ్వొత్తులు దొరక్కపోతే తెల్లవాటికి రంగు కాగితం చుట్టడం పెద్ద పొరపాటు. మైనం కరిగి కిందికి దిగగానే మంట కాగితానికి అంటుతుంది. బోదె ముక్కకు రిబ్బను కడితే సరిపోతుంది.

పొడవు లెక్క చూసుకోవాలి. ముప్పావు అంగుళం మందం ఉన్నది గంటకు సుమారు అంగుళం కరుగుతుంది. గంటన్నర ఆరాధన అనుకుంటే, పన్నెండంగుళాల మొదటి కొవ్వొత్తి నాలుగో ఆదివారం నాటికి ఏడున్నర అంగుళాలుంటుంది. తర్వాతవి తొమ్మిది, పదిన్నర, పన్నెండు. ఆ మెట్ల వరసే నాలుగు వారాల ఎదురుచూపు కంటికి కనబడే రూపం. ఎత్తు సమం చేయాలని పాతది తీసి కొత్తది పెడితే అదంతా పోతుంది. ఆరంగుళాల ఇంటి కొవ్వొత్తి మూడో ఆదివారానికే కొమ్మల దాకా దిగిపోతుంది, అది వాడకూడదు. ఫ్యాన్లు ఆపాలి. గాలికి ఒక పక్కే కరిగి, మైనం కొమ్మల మీదికి కారుతుంది.

ప్రతివారం వెలిగించేది పాతదానితో మొదలుపెట్టి వరసగానే. బైబిలు పాఠాల్లో మెలకువగా ఉండమనే వాక్యం మొదటి వారం, బాప్తిస్మమిచ్చు యోహాను రెండు మూడు వారాలు, మరియమ్మ నాలుగో వారం. పాఠం చదివాక వెలిగించి, ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. మన దగ్గర సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకు ముందే చేసుకునే వేడుకలు, డిసెంబరు మొదటివారం నుంచే ఊపందుకుని, ఆ నిమిషాన్ని మింగేస్తున్నాయి. కేకు, బహుమతులు, స్టేజీ వద్దనడం లేదు. మూడో ఆదివారం దాటాక పెట్టుకుంటే రెండూ నిలుస్తాయి. సెలవులు ముందే ఇచ్చే ఏడాది నాలుగోది తొందరపడి వెలిగించవద్దు. పిల్లలు దాన్ని వెలిగించకుండానే చూసి ఊరికి పోనివ్వండి. వాళ్ల గుడిలో నాలుగో ఆదివారం ఎలాగూ వస్తుంది.

24 రాత్రి నాలుగూ వెలిగాక, మధ్యలో మూడంగుళాల మందం తెల్లది, క్రీస్తు కొవ్వొత్తి. దాని నుంచి గుడి అంతటికీ వెలుగు పంచేటప్పుడు వెలగని కొవ్వొత్తినే వంచాలి. వెలుగుతున్నది వంచితే మైనం పక్కవాళ్ల చేతిమీద పడుతుంది. ప్రతి చిన్న కొవ్వొత్తికీ అరచేతి వెడల్పు అట్టముక్క, మధ్యలో కత్తెర గాటు, కొవ్వొత్తి పై అంచు నుంచి రెండంగుళాలు కిందికి తోసి పెట్టాలి. ముందువరస చిన్నపిల్లలకు వెలిగించినవి ఇవ్వకుండా, వాళ్ల వెనక పెద్దపిల్లలను నిలబెట్టాలి.