బీర పందిరి, సైన్సు మాస్టారు

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్ళు నెలరోజులుగా ఫోన్లు చేస్తున్నారు. "రెండు పేజీలు చాలు, ఒక ఫొటో పంపు" అన్నాడు బళ్ళో మనం సర్పంచి అని పిలుచుకున్న మిత్రుడు. వాడి మాట కాదనడం అప్పుడూ కుదరలేదు, ఇప్పుడూ కుదరదు. దోసకాయల పంచాయితీ, సెవెన్త్ పబ్లిక్ రోజున గంట మాయమవడం ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నేను తోట గురించి రాస్తాను.

తోట అనగానే మీకు ఎస్.యు.పి.డబ్ల్యు. (చేతిపనుల) పీరియడ్, అరచేతుల్లో బొబ్బలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం వేసవి సెలవుల చివరి రోజులు గుర్తొస్తాయి. బడికి తాళం పడ్డాక కూడా సైన్సు మాస్టారు వంతులు వేసి మన చేత పాదులకి నీళ్ళు పోయించారు కదా, ఆ రోజులు. రోహిణి కార్తెకి నూతిలో నీళ్ళు అడుగంటేవి. చేదతాడుకి ఇంకో తాడు ముడేసి తోడేవాళ్ళం. ఊళ్ళో పెరళ్ళన్నీ ఎండిపోయినా మన బడి వెనక బీర, పొట్ల, ఆనప, దోస పచ్చగా ఉండేవి. ఆ తడి కోసం ఎక్కడెక్కడి ప్రాణులూ వచ్చేవి. బోదెలో గోరింకలు, పిగిలిపిట్టలు స్నానాలు చేసేవి. ఎలకల కోసం జెర్రిపోతు తిరిగేది, దాని మీద చెయ్యెత్తకూడదని మాస్టారి ఆర్డరు. వేపచెట్టు మీద కాకి తన గూట్లో కోయిల పిల్లని పెంచుతుంటే, గట్టు మీద కూచోబెట్టి మనకి చూపించారు.

దోస, గుమ్మడి పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర పూత సాయంత్రం విచ్చుకుంటుంది. పుస్తకంలో చెబితే మనకి ఎక్కదని, ఓ సాయంత్రం ఐదింటికి అందరినీ పందిరి కిందకి పిలిచారు. గుత్తులుగా వచ్చేవి మగపూలు, వెనక చిన్న పిందెతో ఒంటిగా ఉండేది ఆడపువ్వు. చీకటి పడే వేళకి పందిరంతా పసుపుపచ్చగా అయింది. అప్పుడు పెద్ద రెక్కల పురుగులు వచ్చి, పువ్వు మీద వాలకుండా గాల్లోనే నిలబడి తేనె తాగాయి. అది చూసిన రోజే నా చదువు మొదలైందని నేను నమ్ముతాను.

ఇక తొండ సంగతి. కనిపిస్తే రాయి అందుకునే వయసు మనది. మగతొండలకి ఆ రోజుల్లో తలా భుజాలూ ఎర్రబడి, గొంతు నల్లబడేది. అవి జతకట్టే కాలంలో అలా రంగు మారతాయని చెప్పాక మాస్టారు మన జేబుల్లో రాళ్ళు పారబోయించారు. ఆ వారమే ఒక ఆడతొండ మూడో బీర పాదులో, తడి మట్టిని ముందుకాళ్ళతో తవ్వి గుడ్లు పెట్టింది. మట్టి కప్పి, మూతితో అదిమి వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ వైపు రాలేదు. కాకులు, ముంగిస తవ్వేస్తాయని మాస్టారు దాని మీద గంప బోర్లించి చుట్టూ ముళ్ళకంప పెట్టించారు. పాదు ఎండకూడదు, గుడ్లు నానిపోకూడదు. అందుకని చెంబుతో అంచు వెంట మాత్రమే పోయమన్నారు. బడి తెరిచారు, తొలకరి పడింది, ఆరుద్ర పురుగులు వచ్చి పోయాయి. జూలైలో సోషల్ పీరియడ్ నడుస్తుండగా, మనం పోస్టాఫీసు అని పిలిచే అమ్మాయి కిటికీలోంచి "వచ్చేశాయిరోయ్!" అని అరిచింది. బి సెక్షన్ మొత్తం తోటలో ఉంది! తోకతో కలిపి చూపుడువేలంత పిల్లలు, పుట్టీ పుట్టగానే చీమల వెంట పడ్డాయి. హెడ్మాస్టరు గారు బెత్తం పట్టుకుని వచ్చి, మాస్టారి పక్కన గొంతుకూచుని చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ పాదు కాయలు ఆ రోజు హాస్టల్ పిల్లలకే వెళ్ళాయి.

తొమ్మిది, పది తరగతులు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను. ఉద్యాన శాఖ ఉద్యోగంలో కూరగాయల రైతుల మధ్యే తిరిగాను. పూత బాగానే ఉంది, పిందె నిలవడం లేదని బీర రైతులు వచ్చేవారు. మందు ఎప్పుడు కొడుతున్నారని అడిగితే చల్లబడ్డాక సాయంత్రం అనేవారు. గుమ్మడికి, దోసకి ఆ వేళ సరే. బీరకి అదే పూత విచ్చుకునే వేళ, పుప్పొడి మోసే పురుగులు వచ్చే వేళ. ఓ సాయంత్రం పందిరి కింద కూచోండి అని చెప్పి, నేనూ వాళ్ళతో కూచునేవాణ్ణి. ఇప్పుడు మెట్టలో నాకూ సొంత పందిరి ఉంది. మా అమ్మాయి ఆ రాత్రి పురుగుల మీదే పరిశోధన చేస్తోంది. మాస్టారు ఉండగా ఈ మాట చెప్పగలిగాను, అది నాకు చాలా తృప్తి.

సమ్మేళనానికి మా పందిరి బీరగింజలు పొట్లాలు కట్టి తెస్తున్నాను. తొలకరికి పెట్టుకోవచ్చు, నీళ్ళుంటే జనవరిలోనూ పెట్టుకోవచ్చు. హైదరాబాదు వాళ్ళకి డాబా మీద పెద్ద కుండీ, పాకడానికి గట్టి తాడు ఉంటే చాలు. ఎన్ని కావాలో ముందుగా సర్పంచికి చెప్పండి.